మన పశువుకు వేసే సూదిలో రాబందు ప్రాణం

(సంఘం కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట అంశం అంతరించిపోతున్న జీవులు, వాటి రక్షణ. కార్యక్రమంలో ఈ మాట చూసి కొందరు మిత్రులు నవ్వారు. పంటకు మద్దతు ధర రావడం లేదు, యూరియా కోసం లైన్‌లో చెప్పులు పెట్టి నిలబడుతున్నాం, ఇప్పుడు పిట్టల గురించి తరగతులేంటని అడిగారు. అడగడంలో తప్పు లేదు. రైతు గోస ఎవరికీ పట్టని రోజుల్లో పక్షి గోస మనకెందుకు అనిపించడం సహజం.

అందుకే ఈ రోజు పులి గురించో, ఏనుగు గురించో మాట్లాడబోవడం లేదు. ఎక్కడో అడవిలో కాదు, మన ఊళ్లో, మన పశువుల నడుమ బతికిన పక్షి గురించి మాట్లాడుకుందాం. దాని చావు కూడా మన కొట్టంలో నుంచే వెళ్లింది. దాని బతుకూ అక్కడి నుంచే మొదలుకావాలి. ఆ పక్షి రాబందు.

రాబందు అనే మాటను మనం వాడినంతగా ఇంకెవరూ వాడరు. కరపత్రం రాస్తే వడ్డీ రాబందులు అంటాం. సభలో మైకు పట్టుకుంటే భూ రాబందులు, కార్పొరేట్ రాబందులు అంటాం. ఒకసారి ఆలోచించండి. రాబందు బతికున్న పశువు జోలికి రాదు. గద్దలాగా పట్టి ఎత్తుకుపోయే బలం దాని కాలి గోళ్లకు లేదు. చచ్చినదాన్నే తింటుంది. తిని ఆ చోటు శుభ్రం చేసి పోతుంది. వడ్డీ వ్యాపారి అట్లా కాదు. బతికున్న రైతునే పీక్కు తింటాడు. కాబట్టి ఆ పోలికతో అన్యాయం జరిగింది రాబందుకే. ఇంటి మీద వాలితే అరిష్టం అన్నాం, తిట్టుకు వాడుకున్నాం. అది చేసిన చాకిరీ మాత్రం అది పోయాక గానీ మనకు తెలియలేదు.

ఊరికి అది చేసిన పని

యాభై ఏళ్లు దాటిన మా తరం వాళ్లకు రాబందులు బాగా గుర్తు. ఊరి బయట చచ్చిన పశువులను వేసే చోటు ఒకటి ఉండేది. ఎద్దో, బర్రెనో చస్తే అక్కడికి ఈడ్చుకుపోయేవారు. తోలు ఒలవడం అయ్యేసరికి ఆకాశంలో నల్లటి చుక్కలు తిరుగుతుండేవి. చూస్తుండగానే అవి పెద్దవయ్యేవి. ఒకటి దిగితే దాన్ని చూసి ఇంకొకటి, దాన్ని చూసి మరొకటి దిగేవి. గుంపు పెద్దదైతే గంట తిరిగేలోపే ఎద్దు కళేబరం ఎముకల గూడుగా మిగిలేది. కంపు లేదు, ఈగలు లేవు, పురుగు లేదు. ఆ ఎముకలను ఏరుకుని అమ్ముకునే పేదలుండేవారు. ఆ ఎముకల పొడి మళ్లీ ఎరువుగా పొలానికి వచ్చేది. ఇప్పుడు ఇరవై ఏళ్ల పిల్లలను అడగండి. రాబందును ఫోన్‌లోనే చూశామంటారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. చచ్చిన పశువును మోయడం, తోలు ఒలవడం ఒక కులం మీద మోపిన అన్యాయాన్ని మనం ఒప్పుకోం. ఆ పద్ధతి తిరిగి రావాలని అనడం లేదు. రాబందులు రావాలంటే ఆ పాత వెట్టి రావాల్సిన పని లేదు. ఇవాళ కళేబరాన్ని తీసే బాధ్యత పంచాయతీది, పశుసంవర్ధక శాఖది. ట్రాక్టరు పెట్టి, కూలి ఇచ్చి, చేతులకు తొడుగులిచ్చి చేయించాల్సిన పని అది.

రాబందు కడుపులోని ఆమ్లం చాలా ఘాటైనది. కుళ్లిన మాంసంలో ఉండే ఎన్నో రోగక్రిములు అందులో చచ్చిపోతాయి. అదే కళేబరాన్ని కుక్కలు తింటే రోగం ఊళ్లోకి వస్తుంది. వాగులో పడేస్తే నీళ్లలోకి వస్తుంది. రాబందు తింటే చాలావరకు అక్కడితో ఆగిపోతుంది. జీతం అడగని పారిశుధ్య కార్మికుడు అది. అయితే దొమ్మ రోగంతో చచ్చిన పశువును మాత్రం కోయకూడదు, బయట వేయకూడదు. డాక్టరుకు చెప్పి సున్నం వేసి లోతుగా పూడ్చాల్సిందే. ఆ జాగ్రత్త వేరు, రాబందు చేసే మేలు వేరు.

ఎట్లా మాయమయ్యాయి

మన దేశంలో తొమ్మిది రకాల రాబందులున్నాయి. అందులో తెల్లవీపు రాబందు, పొడుగుముక్కు రాబందు, సన్నముక్కు రాబందు అనే మూడు రకాలు ఊళ్ల చుట్టూ, పశువుల మందల చుట్టూ ఎక్కువగా బతికేవి. 1980ల నాటికి దేశంలో నాలుగు కోట్ల దాకా రాబందులుండేవని అంచనా. ప్రపంచంలో పెద్ద పక్షుల్లో ఇంత విస్తారంగా ఉన్నవి అరుదు. ఇవి అంతరిస్తాయని ఆ రోజుల్లో ఎవరైనా అంటే పిచ్చివాడనేవారు.

1990లలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల పార్కులో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త విభు ప్రకాశ్ ఒక సంగతి గమనించారు. చెట్ల మీద రాబందులు మెడలు వాల్చుకుని కూర్చుంటున్నాయి. రోజుల తరబడి అట్లాగే ఉండి కింద పడి చస్తున్నాయి. గూళ్లు ఖాళీ అయిపోతున్నాయి. లెక్కలు తీసేకొద్దీ దేశమంతా అదే పరిస్థితి అని తేలింది. 1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందులు 99.9 శాతం పోయాయి. అంటే వెయ్యి ఉన్నచోట ఒకటి మిగిలింది. మిగతా రెండు రకాలు కలిపి 97 శాతం దాకా పోయాయి. ఇంత వేగంగా, ఇంత పెద్ద సంఖ్యలో పక్షులు అంతరించిన సందర్భాలు చరిత్రలో చాలా తక్కువ.

కారణం చాలాకాలం దొరకలేదు. పురుగు మందులన్నారు, కొత్త వైరస్ అన్నారు, తిండి లేదన్నారు. తిండి లేకపోవడం నిజం కాదు, చచ్చిన పశువులు ఎక్కడికక్కడ పడి ఉన్నాయి. చివరికి పాకిస్తాన్ పంజాబ్‌లో చచ్చిన రాబందులను కోసి పరీక్షించిన లిండ్సే ఓక్స్ బృందం 2004లో అసలు దోషిని పట్టుకుంది. దాని పేరు డైక్లోఫెనాక్.

ఆ పేరు మనకు కొత్త కాదు. మోకాళ్ల నొప్పులకు మనం మింగే గోళీ అదే, వేయించుకునే నొప్పి సూది అదే. 1990లలో అదే మందు పశువులకూ వచ్చింది. జ్వరానికి, కుంటుకు, పొదుగువాపుకు, ఈనిన తర్వాత వచ్చే వాపులకు వాడారు. ధర తక్కువ, పని చురుకు. పడుకున్న ఎద్దు తెల్లారేసరికి లేచి నిలబడేది. పశువుకు దానితో పెద్ద ప్రమాదం కనిపించలేదు. కానీ ఆ సూది వేసిన కొద్ది రోజుల్లోపే పశువు చస్తే మందు దాని కాలేయంలో, మూత్రపిండాల్లో మిగిలి ఉంటుంది. ఆ మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు పనిచేయడం మానేస్తాయి. ఒంట్లో పేరుకున్న మలినం తెల్లటి సుద్దలాగా గుండె చుట్టూ, కాలేయం చుట్టూ పట్టేస్తుంది. రోజుల్లో ప్రాణం పోతుంది.

వేసిన పశువుల్లో ఎక్కువ భాగం బతికే ఉంటాయి కదా, చచ్చేవి ఎన్ని అని మీరు అడగవచ్చు. శాస్త్రవేత్తలు ఈ లెక్క వేశారు. నూరు కళేబరాల్లో ఒక్కదానికి కూడా లేకుండా, అంతకంటే తక్కువ వాటిల్లో ఈ మందు ఉన్నా రాబందుల జాతి కూలిపోవడానికి సరిపోతుందని తేలింది. నిషేధానికి ముందు మన దేశంలో పరీక్షించిన కళేబరాల్లో సుమారు పది శాతంలో మందు దొరికింది. ఒక కళేబరం మీద పదులకొద్దీ రాబందులు వాలతాయి. ఒక్క సూది అంతమందికి విందులో విషం పెట్టినట్టయింది. పైగా రాబందు జంట ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. పిల్ల పెద్దదై తాను గుడ్డు పెట్టడానికి దాదాపు ఐదేళ్లు పడుతుంది. పోవడం రోజుల్లో పని, తిరిగి రావడం తరాల పని.

పోతే మనకేం పోయింది

రాబందులు పోయాక కళేబరాలు మిగిలాయి. వాటి మీదికి కుక్కలు వచ్చాయి. తిండి దొరికింది కాబట్టి వాటి సంతతి పెరిగింది. కుక్కలు రాబందుల్లాగా తిని ఎగిరిపోవు. మందల మీద పడతాయి. గొర్రెపిల్లలను, లేగదూడలను పీకేస్తాయి. చీకట్లో నీళ్లు పెట్టడానికి మోటారు దగ్గరికి పోయే రైతు వెంటపడతాయి. బడికి పోయే పిల్లలను కరుస్తాయి. కుక్క కాటు సూది లేదని పట్నం పంపిస్తే ఆ ఖర్చు ఎవరిదో మనకు తెలుసు.

1992 నుంచి 2006 వరకు రాబందులు లేక పెరిగిన కుక్కల వల్ల దేశంలో రేబిస్‌తో అదనంగా 47 వేల మందికి పైగా చనిపోయి ఉంటారని ఒక పరిశోధన అంచనా వేసింది. ఇద్దరు ఆర్థికవేత్తలు అయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ 2024లో ప్రచురించిన అధ్యయనం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒకప్పుడు రాబందులు ఎక్కువగా ఉన్న జిల్లాలను, మొదటి నుంచీ తక్కువగా ఉన్న జిల్లాలతో పోల్చి చూశారు. రాబందులు పోయిన జిల్లాల్లో మనుషుల మరణాల రేటు నాలుగు శాతానికి పైగా పెరిగింది. 2000 నుంచి 2005 వరకు ఐదేళ్లలో అదనంగా ఐదు లక్షల మంది చనిపోయారని వాళ్ల అంచనా. కుక్కలు, రేబిస్, పాడైన నీళ్లు దీనికి కారణాలుగా చెప్పారు.

పశువు చస్తే ఇప్పుడు ఏం చేస్తున్నామో మీకు తెలుసు. జేసీబీ పిలిచి గొయ్యి తీయించాలంటే డబ్బు. డబ్బు లేనివాళ్లు వాగు ఒడ్డునో, రోడ్డు పక్కనో పడేస్తున్నారు. మునుపు ఉచితంగా జరిగిన పని ఇప్పుడు రైతు జేబులో నుంచి జరుగుతోంది. పిట్టల గురించి మనకెందుకు అన్నవారికి మా జవాబు ఇదే. రాబందు సమస్య పక్షి ప్రేమికుల సమస్య కాదు, పశువున్న ప్రతి ఇంటి సమస్య.

బాధ్యత ఎవరిది

పత్రికల్లో ఒక మాట కనిపిస్తుంటుంది, రైతులు మందు వాడి రాబందులను చంపారని. ఈ మాటను మనం గట్టిగా ఖండించాలి. మందు తయారుచేసింది కంపెనీ. పశువులకు వాడవచ్చని అనుమతి ఇచ్చింది ప్రభుత్వం. ఆ మాంసం తినే జీవికి ఏమవుతుందో పరీక్షించకుండానే అమ్మకానికి వదిలారు. డాక్టరు లేని ఊళ్లో దొరికిన మందు వేయించుకున్నాడు రైతు. పశువైద్యశాల బోర్డు ఉంటే డాక్టరు పోస్టు ఖాళీ, డాక్టరుంటే మందులు నిల్. దుక్కి రోజుల్లో ఎద్దు పడితే సాగు ఆగుతుంది. పాల బర్రె పడితే ఇల్లు గడవదు. అట్లాంటి వేళ రైతు మందు సీసా మీద శాస్త్రం చదువుతాడా?

నేరం రైతుది కాదు. అయితే పరిష్కారంలో రైతు చేయి లేకుండా ఏ చట్టమూ పనిచేయదు. ఎందుకంటే ఆ సూది పడేది మన పశువుకే, మన కళ్లముందే.

చట్టం ఏం చెబుతోంది

డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడకుండా 2006లో కేంద్రం నిలిపివేసింది. అయితే మనుషులకు వాడే మందు షాపులోనే ఉంది. మనిషికి ఒకసారికి మూడు మిల్లీలీటర్లు చాలు. కానీ ముప్పై మిల్లీలీటర్ల పెద్ద సీసాలు అమ్మేవారు. ఆ సీసా ఎవరి కోసమో చెప్పాల్సిన పని లేదు. మనుషుల పేరుతో కొని పశువులకు వేశారు. అందుకని 2015లో సూది మందును మూడు మిల్లీలీటర్ల ఒక మోతాదు సీసాలోనే అమ్మాలని నిబంధన తెచ్చారు. దాన్ని రద్దు చేయాలని కొన్ని కంపెనీలు కోర్టుకు వెళ్లాయి. 2017లో మద్రాసు హైకోర్టు ఆ నిబంధనను సమర్థించింది.

ఈలోగా వేరే మందులు డైక్లోఫెనాక్ జాగాలోకి వచ్చాయి. కీటోప్రొఫెన్ కూడా రాబందులను చంపుతుందని తేలింది. ఎసిక్లోఫెనాక్ అయితే పశువు ఒంట్లోకి పోయాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. పేరు మారింది, విషం మారలేదు. ఈ రెండింటినీ పశువులకు వాడకుండా 2023 జులైలో నిషేధించారు. 2024 డిసెంబరులో నిమెసులైడ్‌ను కూడా నిషేధించారు. మొదటి మందు దోషమని తెలిసింది 2004లో. తర్వాతి మందుల మీద దేశమంతటా నిషేధం రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. ముందు అమ్ముకోనిచ్చి, చచ్చాక పరీక్షించే పద్ధతి ఉన్నంతకాలం ఇట్లాగే ఉంటుంది. మన పంటల మీద చల్లే పురుగు మందుల కథ కూడా ఇదే కదా.

మరి పశువుకు జ్వరం, నొప్పి వస్తే ఏం వేయాలి? ఇది అసలు ప్రశ్న. మెలాక్సికామ్ అనే మందు ఉంది. రాబందుల మీద పరీక్షించి, ప్రమాదం లేదని 2006లోనే తేల్చారు. మొదట్లో ధర ఎక్కువ ఉండేది, చాలా కంపెనీలు తయారు చేయడంతో తగ్గింది. టోల్ఫెనామిక్ ఆమ్లం అనే ఇంకో మందు కూడా సురక్షితమని తర్వాత తేలింది. పశువు నొప్పితో పడి ఉంటే మందు వేయొద్దని మనం చెప్పడం లేదు. పశువును బతికించే మందు, రాబందును చంపని మందు రెండూ ఒకటే అయ్యే దారి ఉంది. ఆ దారి పట్టమంటున్నాం.

మన దగ్గర మిగిలినవి

పూర్తిగా చేతులెత్తేయాల్సిన పరిస్థితి లేదు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట ఉంది. 2013లో ఆ గుట్ట అంచుల్లో పొడుగుముక్కు రాబందుల గూళ్లు కనిపించాయి. తెలంగాణలో రాబందులు పోయాయనుకున్న రోజుల్లో దొరికిన కబురు అది. ప్రాణహిత అవతల మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో అటవీ శాఖ రాబందుల కోసం కళేబరాలు వేసే చోట్లు ఏర్పాటు చేసింది. రాబందుకు రాష్ట్రాల సరిహద్దు తెలియదు. తిండి కోసం ఒక్కరోజులో ఎన్నో మైళ్లు తిరుగుతుంది. అంటే గుట్ట పక్క ఊరు ఒక్కటే జాగ్రత్తపడితే చాలదు. చుట్టూ వంద కిలోమీటర్ల దాకా పశువుకు వేసే సూది మంచిదైతేనే ఆ గూట్లో పిల్ల బతుకుతుంది.

హర్యానాలోని పింజోర్‌లో రాబందులను పెంచి పిల్లలు చేయించే కేంద్రం ఉంది. హైదరాబాదు జూపార్కులోనూ అటువంటి కేంద్రం నడుస్తోంది. మంచి పనే. కానీ పంజరంలో పెంచిన పిల్లను బయటికి వదిలితే అది వాలేది మన ఊరి కళేబరం మీదే. ఆ కళేబరంలో పాత విషమే ఉంటే పెంచిన శ్రమంతా ఒక్క పూటలో పోతుంది. కాబట్టి జూపార్కులో ఎన్ని పిల్లలు పుట్టినా చివరి తీర్పు మన కొట్టంలోనే.

నేపాల్ రైతులు చేసి చూపించారు

ఇది అయ్యే పనేనా అంటే అయ్యే పనే. నేపాల్‌లోని పిఠౌలీ అనే ఊళ్లో జనం తామే ఒక ఏర్పాటు చేసుకున్నారు. ముసలివైన, పనికి రాని పశువులను ఒక చోట ఉంచి మేపుతారు. వాటికి రాబందులకు హాని చేసే మందులు వేయరు. అవి వయసు తీరి చచ్చాక ఆ కళేబరాన్ని రాబందులకు వేస్తారు. దానికి జటాయు పేరు పెట్టుకున్నారు. రామాయణంలో రావణుడికి అడ్డుపడిన జటాయువు మన లేపాక్షి కథలోనూ ఉంది కదా. అక్కడితో ఆగకుండా ఊరూరూ తిరిగి షాపుల్లోని డైక్లోఫెనాక్ నిల్వలను తీసుకుని, బదులుగా మెలాక్సికామ్ ఇచ్చారు. షాపువాడికి నష్టం లేదు, రైతుకు నష్టం లేదు. తర్వాతి ఏళ్ల లెక్కల్లో నేపాల్‌లో రాబందుల తగ్గుదల ఆగి, మళ్లీ పెరగడం మొదలైంది.

ఇందులో మనం పట్టుకోవాల్సింది ఒకటుంది. వన్యప్రాణి రక్షణ అనగానే మన గుండెలు అదురుతాయి. ఎందుకంటే రక్షణ పేరుతో పోడు రైతును ఖాళీ చేయమంటారు, పశువులను మేతకు రానివ్వరు, కేసులు పెడతారు. రాబందు రక్షణకు అవేవీ అక్కర్లేదు. దానికి మన భూమి వద్దు, కంచె వద్దు, ఊరు ఖాళీ చేయాల్సిన పని లేదు. పైగా మనం ఊళ్లో ఉండాలి, పశువులు పెంచాలి, అప్పుడే అది బతుకుతుంది. రైతు లేకుండా రాబందు లేదు. రైతును వెళ్లగొట్టి జీవులను కాపాడతామనే అధికారులకు మనం చూపించగల మంచి జవాబు ఇది.

ఇళ్లల్లో చేయాల్సినవి

ఒకటి. పశువుకు సూది వేయించేటప్పుడు గోపాలమిత్ర అయినా, కాంపౌండరు అయినా, షాపువాడైనా, సీసా మీది పేరు చదవమని అడుగుదాం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్, నిమెసులైడ్ అయితే వద్దందాం. మెలాక్సికామ్ ఉందా అని అడుగుదాం. మోతాదు డాక్టరు చెప్పినంతే. నిషేధం లేని ప్రతి మందూ సురక్షితమని కూడా అనుకోవద్దు. తెలియకపోతే 1962 నంబరుకు ఫోన్ చేసి అడుగుదాం.

రెండు. మనుషుల మందుల షాపులో నుంచి పశువుకు నొప్పి సూది తేవద్దు.

మూడు. ఏ సూది వేశారో తెలియకుండా రెండు మూడు రోజుల్లోనే పశువు చస్తే దాన్ని బయట వేయకుండా ఆరడుగుల గోతిలో పూడుద్దాం.

నాలుగు. కుక్కల మీద కోపంతోనో, చిరుత దూడను చంపిందనో కళేబరంలో గుళికల మందు పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఆ విషం చిరుతతో ఆగదు. దాని మీద వాలిన రాబందుల గుంపంతా ఒకేసారి చస్తుంది. దూడ పోయినవాళ్ల కోపం న్యాయమైనదే. దాన్ని చూపాల్సింది పరిహారం ఆపిన ఆఫీసు మీద.

ఐదు. తెల్లవీపు రాబందు పెద్ద చెట్ల మీద గూడు కడుతుంది, పొడుగుముక్కు రాబందు గుట్టల అంచుల్లో కడుతుంది. ఊరి పెద్ద చెట్లను కాపాడుకుందాం. గూళ్లున్న గుట్టను క్వారీకి ఇస్తామంటే గ్రామసభలో తీర్మానం చేసి అడ్డుకుందాం.

సంఘంగా అడగాల్సినవి

ప్రతి పశువైద్యశాలలో మెలాక్సికామ్ ఏడాది పొడవునా ఉచితంగా ఉండాలి. ఖాళీగా ఉన్న పశువైద్యుల పోస్టులు నింపాలి. డాక్టరే లేనప్పుడు ఏ మందు వాడొద్దో ఎవరు చెబుతారు?

నిషేధించిన మందుల మీద దాడులు చిన్న షాపుతో ఆగకుండా, సరుకు పంపిన కంపెనీ దాకా పోవాలి. పశువులకు వచ్చే ప్రతి కొత్త నొప్పి మందును రాబందులకు హాని ఉందో లేదో పరీక్షించాకే అమ్మకానికి వదలాలి.

గోపాలమిత్రలకు, మందుల షాపులవారికి ఈ విషయం మీద శిక్షణ ఇవ్వాలి. నిషేధిత మందుల పేర్లు తెలుగులో, పెద్ద అక్షరాలతో ప్రతి షాపులో, పాల కేంద్రంలో, సంతలో పెట్టాలి.

చిరుతకో, పులికో పశువు పోతే పరిహారం నెలల తరబడి తిప్పకుండా పంచనామా అయిన వెంటనే ఇవ్వాలి. పరిహారం చేతికి వస్తే కళేబరంలో విషం పెట్టే ఆలోచనే రాదు.

రాబందులున్న ప్రాంతంలో సురక్షితమైన కళేబరం ఇచ్చే రైతుకు రవాణా ఖర్చు, తగిన సొమ్ము ఇవ్వాలి. ఆ చోట్ల నిర్వహణలో గ్రామసభకు, ఆదివాసీ రైతులకు పాత్ర ఉండాలి.

మిత్రులారా, 2015 ప్రాంతంలో వేసిన అంచనా ప్రకారం దేశంలో తెల్లవీపు రాబందులు ఆరు వేలు, పొడుగుముక్కువి పన్నెండు వేలు, సన్నముక్కువి వెయ్యి మాత్రమే మిగిలాయి. ఇవి తిరిగి పెరగడం మన తరం చూడకపోవచ్చు. మన పిల్లల తరమైనా చూడాలంటే పని ఈ నెలలోనే మొదలుకావాలి.

గ్రామ శాఖలకు ఒక్క బాధ్యత అప్పగిస్తున్నాం. వచ్చే సమావేశానికి వచ్చేలోపు ప్రతి శాఖ తన ఊరి పశువైద్యశాలకు, మందుల షాపుకు వెళ్లాలి. పశువులకు ఏ నొప్పి మందు ఇస్తున్నారో, మెలాక్సికామ్ ఉందో లేదో రాసుకుని తేవాలి. ఆ కాగితాలన్నీ కలిపి జిల్లా పశుసంవర్ధక అధికారి ముందు పెడదాం. మిగతా పోరాటం ఆ కాగితం మీద నుంచి నడుస్తుంది.

సెలవు.